తలుపు పక్కన మూడో స్తంభం

సైలస్ క్రాండల్ కోటు విప్పలేదు. టోపీ పనిమనిషి చేతికివ్వకుండా మోకాలి మీదే పెట్టుకుని కూర్చున్నాడు. ఒహాయో నుంచి బ్రూక్లిన్ దాకా రైల్లో ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన మనిషి, కాఫీ వద్దన్నాడు, మంచినీళ్లూ వద్దన్నాడు.

"నేను వియ్యంకుడి ఇంటికి రాలేదు. నా బ్యాంకు కట్టే ఆర్కిటెక్టు ఇంటికొచ్చాను. ఆఫీసులో కలుద్దామంటే అక్కడికే వచ్చేవాణ్ణి. భోజనం, భోజనం అని మీ ఆవిడే పట్టుబట్టింది," అని గుమ్మంలోనే తేల్చేశాడు.

ఆ గొంతు వంటింటి దాకా వినిపించింది. హెస్టర్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ గొంతు విని ఆమెకు మూడేళ్లయింది.

"నువ్విక్కణ్ణించి కదలకు తల్లీ," అంది అత్తగారు ఆగస్టా, సూపు గిన్నెకు మూత పెడుతూ. "ఆయన సంతకం పెట్టి లేచేదాకా కాస్త ఓపిక పట్టు. నీ మొహం చూస్తే ఆయనకి ఒళ్లు మండుతుంది. ఆయన మండితే మీ మామయ్య మండుతారు. ఇద్దరి మీదా నీళ్లు పొయ్యడం నావల్ల కాదు."

"నా మొహం ఆయనిచ్చిందే కదా అత్తయ్యా. ఆ ముక్కూ ఆ గడ్డమూ చూసుకుని మండితే నేనేం చెయ్యను?"

"చూశావా, ఈ మాటలే వద్దనేది."

ఆగస్టా చెడ్డది కాదు. తండ్రీ కూతుళ్లను కలుపుదామనే ఆయన్ను భోజనానికి పిలిచింది. తీరా ఆయన గుమ్మం తొక్కేసరికి గుండె జారిపోయి కోడల్ని వంటింట్లో దాచింది. మంచి చేయబోయి మధ్యలో భయపడే మనుషులతో వచ్చే చిక్కే అది.

మూడేళ్ల కిందట ఆగస్టా కొడుకు రూఫస్ టిలట్సన్ బ్యాంకు స్థలం కొలవడానికి ఒహాయోలోని మేరివిల్ వెళ్లాడు. స్థలంతో పాటు బ్యాంకు యజమాని కూతుర్ని కూడా చూసుకున్నాడు. ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా క్లీవ్‌లాండ్ వెళ్లి పెళ్లి చేసుకున్నారు. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద ఎవరో పలకరిస్తే సైలస్ అన్నాడట, "నాకు పిల్లలు ఐదుగురండీ, ఐదుగురూ మగపిల్లలే," అని. అప్పటి నుంచి ఆ ఇంట్లో హెస్టర్ పేరెత్తడం నేరమైంది. ఆమె వాయించిన పియానోని కూడా అమ్మేశారని తమ్ముడెవరో చెప్పి పంపాడు.

అంతవరకూ అయితే ఏ ఇంట్లోనైనా జరిగేదే. కానీ ఈ కథలో స్తంభాలు కూడా ఉన్నాయి.

పెళ్లికి ముందే మామగారు జెరోమ్ టిలట్సన్ ఆ బ్యాంకు ముఖద్వారానికి మొదటి చిత్తు గీశాడు. వరసగా ఆరు పెద్ద రాతి స్తంభాలు, మధ్యలో తలుపు, పైన ముక్కోణపు కప్పు. ఆ కాగితం మేరివిల్ ఇంట్లో బల్ల మీద పరిచినప్పుడు సైలస్ చేతికర్రతో ఒక్కొక్క స్తంభాన్నీ తాకి పిల్లల పేర్లు చదివాడు. ఇద్దరు కొడుకులయ్యాక మూడోది హెస్టర్. "తలుపు పక్కన నిలబడుతుంది నా కూతురు. లోపలికొచ్చేవాడు ముందు దాన్నే చూడాలి," అన్నాడు. ఆ మాట ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు. ఒక్కో స్తంభం పాదం మీద ఒక్కో పేరు చెక్కిస్తానని కూడా అన్నాడు. ఊళ్లో బడికెళ్లే పిల్లలకు కూడా ఆ లెక్క తెలుసు.

ఇప్పుడు పునాదులు లేచాయి. రాయి కోయించమని ఇండియానా రాతి గనులకి కబురు చెయ్యాలి. సైలస్‌కి ఐదు స్తంభాలే కావాలట.

"ఐదు కుదరదు క్రాండల్ గారూ," అంటున్నాడు జెరోమ్ అవతలి గదిలో. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. పారిస్‌లో చదివొచ్చిన మనిషి, అరవడం మోటు పని అనుకుంటాడు. "నాలుగు పెట్టమనండి, పెడతాను. ఆరు, ఎనిమిది, మీ ఇష్టం. బేసి సంఖ్య పెడితే నడిమి స్తంభం సరిగ్గా తలుపుకి అడ్డంగా వస్తుంది. డబ్బు దాచుకోవడానికొచ్చినవాడి ముక్కు ముందు రాతికి తగులుతుంది."

"నాలుగైతే ఒక కొడుకుని మానాలి. ఏ కొడుకుని మానమంటారు?"

"కొడుకుల్ని మానమని నేననలేదు. కూతుర్ని మానింది మీరు."

వంటింట్లో ఆగస్టా చేతులు జోడించుకుంది. హెస్టర్‌కు మాత్రం మామగారి మీద ప్రేమ పొంగుకొచ్చింది. వెళ్లి ఆ తెల్లగడ్డాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"మొదటిరోజు చిత్తు మీరు చూశారు, ఒప్పుకున్నారు," అని జెరోమ్ మళ్లీ అందుకున్నాడు. "మా దగ్గర ఒక పద్ధతుంది. మొదటి చిత్తు అంటే ఇచ్చిన మాట. తర్వాత ఎంత ముద్దుగా గీసినా సరే, ఆ చిత్తు దాటితే మా పారిస్ బడిలో ఆ బొమ్మ తీసి బయట పారేసేవాళ్లు. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులు కడుతున్నాను. ఒక్కదానికీ చిత్తు దాటలేదు."

"అట్లాగా? మరి మీ సుపుత్రుడు దాటాడే!"

కాగితం చుట్ట విప్పుతున్న చప్పుడైంది.

హెస్టర్ ఇక ఆగలేకపోయింది. వంటింటి తలుపు ఓరగా తీసి చూసింది. భోజనాల బల్ల చివర పాత బొమ్మ పక్కనే కొత్త బొమ్మ పరిచి ఉంది. ఐదు స్తంభాలు. నడిమిది నిటారుగా మధ్యలో. దానికి అటొకటి ఇటొకటి రెండు చిన్న తలుపులు. జెరోమ్ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"రూఫస్, ఇది నువ్వే గీశావా?"

గోడకి ఆనుకుని నిలబడ్డ రూఫస్ తల దించుకున్నాడు. "ఆయన అడిగారు నాన్నా. చేసి చూపిస్తే తప్పేంటని..."

"ఈ నడిమి స్తంభం చాటున దొంగ దాక్కుంటాడు. రెండు తలుపుల్లో దేన్లోంచి వెళ్లాలో తెలీక ముసలమ్మలు బయటే ఆగిపోతారు. ఇది బ్యాంకు ముఖం కాదురా. ముక్కుకి రెండు వైపులా రెండు నోళ్లు పెట్టావు."

రూఫస్ వంటింట్లోకి వచ్చేశాడు. కప్పను విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం అన్నట్టుంది అతని పని. అయితే వంటింట్లో పామూ కప్పా కాదు, పెళ్లాం ఉంది.

ఆగస్టా కొడుకు మొహం చూసి, కోడలి మొహం చూసి, సూపు గిన్నె తీసుకుని అవతలికి వెళ్లిపోయింది.

"ఎప్పుడు గీశావు?" అని అడిగింది హెస్టర్.

"ఎప్పుడైతేనేం?"

"నాకు చెప్పకుండా గీశావు కాబట్టి అడుగుతున్నాను."

"చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలేదు." రూఫస్ కుర్చీలో కూలబడ్డాడు. "హెస్టర్, జనం డబ్బు కోసం బ్యాంకుల మీద పడ్డ ఆ ఎగబాటు దగ్గర్నించి దేశంలో కొత్త బ్యాంకు కట్టే నాథుడు లేడు. మన డ్రాయింగు గదిలో సగం బల్లలు ఖాళీ. మిగిలినవాళ్లు ఈ ఒక్క పని చూసుకుని ఉన్నారు. ఇదీ పోతే నాన్న తలుపులు మూసుకోవాలి. ఆయనకి ఆ సంగతి పట్టదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎవడో ఒకడు దిగిరావాలి కదా?"

"దిగిరా. నన్ను తుడిచేసి దిగొచ్చావు."

"అది రాయి హెస్టర్! రాయి! నువ్విక్కడ నా ఎదురుగా ఉన్నావు, భోంచేస్తున్నావు, పోట్లాడుతున్నావు. నిన్నెవరు తుడిచారు?"

"మా ఊళ్లో అందరూ లెక్కపెట్టుకున్న రాయి. రేపు ఐదు నిలబడితే ప్రతివాడూ ఐదు లెక్కపెట్టి, ఆరోది ఏదని అడిగి, ఓహో అని నవ్వుకుని లోపలికెళ్తాడు. మనం చచ్చిపోయాక కూడా అట్లాగే లెక్కపెడతారు. మా నాన్న చర్చి మెట్ల మీద అన్నమాట గాలికి పోయింది. నువ్వు దాన్ని రాతిలో కట్టిస్తానంటున్నావు."

రూఫస్ పొయ్యి వైపు తిరిగాడు.

"ఇంకో మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ బొమ్మలో నీడలు అంత చక్కగా ఎందుకు వేశావు?"

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. సిరా నీళ్లలో కలిపి, పూత ఆరాక మరో పూత వేసి, ఎడమ నుంచి వాలిన వెలుతురులో ఐదు స్తంభాలూ గుండ్రంగా లేచి నిలబడేలా వేశాడు. ఇష్టం లేని పని చేసినవాడి చెయ్యి అట్లా పలకదు. హెస్టర్‌కు బొమ్మలు గీయడం రాకపోయినా మొగుడి చెయ్యి తెలుసు. ఆమెకు బాధేసింది అక్కడే.

"చెయ్యి అలవాటది," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

హెస్టర్ నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ మీద వేసింది. వేయించిన గొర్రెమాంసం పళ్లెం రెండు చేతులా ఎత్తుకుంది.

"ఎక్కడికి? అమ్మ వద్దంది కదా!"

"భోజనాల గదికి. నేను ఈ ఇంటి కోడల్ని. వచ్చిన అతిథికి వడ్డించాలి," అని తలుపును భుజంతో తోసుకుని వెళ్లింది.

ఆమెను చూడగానే ఆగస్టా చేతిలో చెంచా కింద పడింది. జెరోమ్ లేచి పళ్లెం అందుకుని, కుర్చీ లాగి, తన పక్కనే కూర్చోబెట్టాడు. సైలస్ మాత్రం కిటికీలోంచి ఈస్ట్ నది మీద పడవల్ని చూస్తున్నాడు. అంతకు ముందు ఆ పడవలంటే ఆయనకు అంత శ్రద్ధ ఉన్నట్టు కనపడలేదు. రూఫస్ వెనకాలే వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు.

జెరోమ్ మాంసం కోశాడు. హెస్టర్ తండ్రి పళ్లెంలో రెండు ముక్కలు పెట్టింది, పుదీనా పచ్చడి వేసింది, వేయించిన బంగాళాదుంపల్లో బాగా మాడినవి ఏరి వేసింది. ఆయనకు మాడినవే ఇష్టం. ఆయన ఫోర్కు ముట్టుకోలేదు.

"నాన్నా, చల్లారిపోతుంది."

"టిలట్సన్ అమ్మగారూ," అన్నాడు సైలస్, ఆగస్టా వైపు తిరిగి, "నాకు ఆకలి లేదని చెప్పండి."

"ఎవరికి చెప్పమంటారు?" ఆగస్టా బెదిరిపోయింది.

"ఎవరడిగారో వాళ్లకి."

"అమ్మాయ్, మీ నాన్నగారికి ఆకలి లేదట," అంది ఆగస్టా దీనంగా. అంత దగ్గరగా కూర్చున్న మనుషుల మధ్య కబురు మోయడం ఆవిడకు ఎన్నడూ అలవాటు లేని పని.

హెస్టర్ నవ్వింది. ఆ నవ్వు జెరోమ్‌కు కూడా అంటుకుంది. సైలస్ చిరచిరలాడుతూ తల తిప్పాడు. అప్పుడు ఆయన చూపు అనుకోకుండా కూతురి మీద పడింది, ముందు మొహం మీద, తర్వాత పొట్ట మీద. గుడ్డ విప్పేసి వచ్చింది కాబట్టి అయిదో నెల కడుపు స్పష్టంగానే కనపడుతోంది.

ఆయన ఫోర్కు తీసుకున్నాడు. ఒక దుంప తిన్నాడు. రెండోది కూడా తిన్నాడు.

"అమ్మగారూ, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు."

"ఎట్లా చెప్పమంటారండీ? ఈ ఇంటి నుంచి ఏ కబురొచ్చినా మీరు చెవిన పెట్టరు కదా!"

సైలస్ నోరు తుడుచుకున్నాడు. రూఫస్ గీసిన బొమ్మ పక్కకు నెట్టి, జెరోమ్ పాత బొమ్మను ముందుకు లాక్కున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత చూపుడువేలు తెచ్చి కుడి చివర ఆరో స్తంభం మీద పెట్టాడు.

"ఆరు ఉంచండి టిలట్సన్ గారూ. ఐదు నా కొడుకులవి వరసగా. చివరిది నా మనవడిది. పేరు సైలస్. ఇట్లా అయితే సంతకం పెడతాను. అయితే ఒక మాట. అది మనవడిదేనని, ఇంకెవరిదీ కాదని, ఆ అమ్మాయి ఇప్పుడే, ఇక్కడే, తన నోటితో చెప్పాలి. రేపు ఊళ్లో ఎవడూ వేరే అర్థం తియ్యకూడదు."

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అనే సామెత బ్రూక్లిన్‌లో లేదు కాబట్టి సరిపోయింది. చూలు మాట ఎట్లా ఉన్నా కొడుకు మాట ఎవరికి తెలుసు? అయినా ఆ గదిలో ఎవరికీ ఆ అనుమానం రాలేదు. ఆగస్టా కళ్లు తుడుచుకుంది. రూఫస్ ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. జెరోమ్ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

"ఆరు!" అన్నాడాయన. "నేను చెప్పలా? రాయి తన మాట తానే నెగ్గించుకుంటుంది. అమ్మాయ్, చెప్పెయ్యి తల్లీ."

హెస్టర్ మామగారి వైపు తిరిగింది. "ఏం చెప్పను మామయ్యా?"

"ఆయనడిగిందే. ఆరంటే ఆరే కదమ్మా. ఏ పేరు చెక్కినా నిలబడేది ఒక్కతీరే. ఎవరిదైతే రాయికేం తెలుస్తుంది?"

ఆ మాటతో హెస్టర్‌కు తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ ఈ పెద్దాయన తన కోసం నిలబడ్డాడనుకుంది. ఆయన నిలబడింది సరి సంఖ్య కోసం. మొగుడు ఐదు గీశాడు, మామ ఆరు గీశాడు, ఇద్దరి లెక్కలోనూ తను లేదు. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఒంట్లోకి బలం వచ్చినట్టు వచ్చింది.

"చెప్పను," అంది.

"హెస్టర్!" రూఫస్ బల్ల మీద చెయ్యి వేశాడు. "ఒక్క మాట కదా!"

"ఒక్క మాటే. అందుకే చెప్పను. ఆడపిల్ల పుడితే ఏం చేస్తావు నాన్నా? రాతి మీద పేరు గీకేస్తావా?"

"తర్వాతివాడు పుట్టేదాకా ఆగుతామని చెప్పండి అమ్మగారూ."

"వినపడింది, అత్తయ్య చెప్పక్కర్లేదు. మనవడికి కావాలంటే ఒక స్తంభం ఇచ్చుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ నాది మూడోది. తలుపు పక్కది. నువ్వే కర్రతో చూపించి ఇచ్చావు. చివర్న ఎక్కడో నా బిడ్డ చాటున నిలబడమంటే నిలబడను. ఐదుగురు కొడుకులు, ఒక కూతురు, ఒక మనవడు, కట్టించుకో!"

"ఏడు!" జెరోమ్ నెత్తి పట్టుకున్నాడు. "మళ్లీ బేసి!"

"మీ సరీ బేసీ మీరు చూసుకోండి మామయ్యా. నా లెక్క నేను చెప్పాను."

సైలస్ టోపీ చేతిలోకి తీసుకుని లేచాడు. కుర్చీ చెక్కనేల మీద గీసుకుంటూ వెనక్కి జరిగింది. "ఈ ఊళ్లో ఆర్కిటెక్టులు ఇంకా ఉన్నారు. నడిమి స్తంభమంటే భయపడనివాళ్లు కూడా ఉంటారు. సెలవు, టిలట్సన్ గారూ."

"అయ్యో, కూర్చోండి!" ఆగస్టా లేచింది. రూఫస్ అంతకంటే ముందే లేచి తలుపు దాకా వెళ్లాడు, ఆయన్ను ఆపడానికో, ఆయనతో వెళ్లడానికో అతనికే తెలియదు. "క్రాండల్ గారూ, నేను మాట్లాడతాను. ఆవిడచేత నేను చెప్పిస్తాను."

"నాచేత నువ్వేం చెప్పించలేవు," అంది హెస్టర్, కూర్చున్నచోటి నుంచి కదలకుండా. "నాన్నా, వెళ్లే ముందు ఒకటి చెప్పి వెళ్లు. నాకు తలుపు పక్కన చోటు ఎందుకిచ్చావో వీళ్లకి చెప్పు. వీళ్లు ముద్దు కూతురని ఇచ్చావనుకుంటున్నారు."

సైలస్ ఆగాడు. తిరగలేదు.

"చెప్పవా? నేను చెప్తాను. ఎగబాటు రోజు మన బ్యాంకు ముందు జనం వీధి చివరిదాకా నిలబడ్డారు. డబ్బివ్వండి, డబ్బివ్వండి అని తలుపులు బాదుతున్నారు. నువ్వు లోపల పెట్టెలు తెరిచి ఇస్తున్నావు. తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కణ్ణి లోపలికి పంపింది ఎవరు? ఒక రైతు నా మొహాన ఉమ్మేస్తే తుడుచుకుని మళ్లీ నిలబడింది ఎవరు?"

"అమ్మగారూ, చాలని చెప్పండి."

"నీ పెద్దకొడుకు ఎక్కడున్నాడు నాన్నా, ఆ పూట? మొదటి స్తంభం? ఎడమ చివర అంత ఠీవిగా నిలబడేవాడు? ఊరికి తెలీదు, నీకూ నాకూ తెలుసు. వెనక గుమ్మంలోంచి తన డబ్బు మాత్రం సంచిలో వేసుకుని..."

"హెస్టర్!"

కేక గట్టిగానే వచ్చింది. వీధిలో ఎవరో నడిచేవాళ్లు కూడా ఆగి కిటికీ వైపు చూసి ఉంటారు. సైలస్ పూర్తిగా ఇటు తిరిగి నిలబడ్డాడు, మొహం కందగడ్డలా ఉంది, వేలు కూతురి వైపు చాపి ఉంది. చాపిన తర్వాతే ఆయనకు తెలిసింది, తన నోట ఏ మాట వచ్చిందో. ఆగస్టా రెండు చేతులతోనూ నోరు మూసుకుంది.

మూడేళ్లుగా ఆ పిలుపు కోసం ఎంత ఆకలితో ఉందో హెస్టర్‌కు కూడా ఆ క్షణందాకా తెలియదు. కన్నీళ్లు ఇప్పుడు వస్తే గెలిచింది పోతుందని గట్టిగా దవడ బిగించింది.

"ఆఁ నాన్నా, ఇక్కడే ఉన్నాను," అంది. కాలితో ఎదుటి కుర్చీని ఆయన వైపు తోసింది. "రా, కూర్చో. మూడోది ఎవరిదో ఇప్పుడు నాతోనే చెప్పు."

సైలస్ కూర్చోలేదు. అలాగని గుమ్మం వైపూ కదల్లేదు.